చిరుగు ఎక్కడ మొదలైంది

ఆ రోజు ఇరవై మూడో దుప్పటి చేతికి రాగానే కుట్టుపని అమ్మాయి సూది పక్కన పెట్టేసింది. దుప్పటి భుజాన వేసుకుని మెట్లు దిగి, ఆవిరి కమ్ముకున్న హాలంతా దాటి, ఇస్త్రీ రోలర్ ముందుకు వచ్చి నిలబడింది. నిలబడి ఊరుకోలేదు. ఎర్ర బటన్ నొక్కి మెషిన్ ఆపేసింది.

ఆ లాండ్రీలో రోలర్ ఆపే హక్కు ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ అవతలి వైపు నుంచి తల పైకెత్తాడు.

"ఎవరు ఆపింది?"

"నేనే. ఇది చూడండి." దుప్పటి అతని ముందు పరిచింది. అంచుకి జానెడు లోపల, మేస్త్రీల మూలమట్టంలా వంగిన చిరుగు. "పొద్దుటి నుంచి ఇలాంటివి ఇరవై మూడు. అన్నీ ఒకే తీరు. మీ మెషిన్‌కి పళ్లేమైనా మొలిచాయా?"

అతను చిరుగు వంక చూడలేదు. రోలర్ వంక చూశాడు. రెండు వేడి గొట్టాల మధ్య ఇరుక్కున్న దుప్పటి మీద గోధుమరంగు చార అప్పుడే మొదలైంది.

"రోలర్ ఆపితే లోపలున్న గుడ్డ మాడిపోతుందని నీకెవరూ చెప్పలేదా?" కోపంలో 'మీరు' అన్నది ఎటు పోయిందో పోయింది.

"చెప్పలేదు. చింపుతుందని కూడా ఎవరూ చెప్పలేదు. అది నా అంతట నేనే తెలుసుకున్నాను."

"ఇది నొక్కుతుంది. చింపదు. ఆ తేడా తెలియని మనిషికి సూది ఎవరిచ్చారో."

చుట్టూ పనిచేస్తున్నవాళ్లు పని ఆపకుండానే చెవులు ఇటు పడేశారు. అసలే అతనికి అక్కడ కుక్కర్ అని పేరు. పొద్దుట వచ్చినప్పుడు చల్లగానే ఉంటాడు, పది దాటితే కూత పెడతాడు. అమ్మాయి చేరి నెల కూడా కాలేదు. ఆ సాయంత్రానికి ఆమెకీ సూది అని పేరు పడిపోయింది. మాడిపోయిన దుప్పటికి బాధ్యత ఎవరిదన్న విషయం తేలనే లేదు.

ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు అక్కడికి మురికిగా వచ్చి తెల్లగా వెళ్తాయి. ఉతికే మెషిన్లలో తిరిగి, నీళ్లు పిండే మెషిన్‌లో గిరగిరా తిరిగి, పెద్ద పెద్ద తోపుడు బండ్లలో చిక్కుపడిన ముద్దలుగా చిక్కుతీసే బల్ల దగ్గరికి వస్తాయి. అక్కడ నలుగురు ఆడవాళ్లు వాటిని విడదీసి దులిపి రోలర్‌కి అందిస్తారు. రోలర్ దాటిన తర్వాత చిరుగున్నవి పై గదిలో ఉన్న సూది దగ్గరికి చేరతాయి. ఆమెకి ముందు ఆ గదిలో ఇంకొకామె ఉండేది, ఆమెకి ముందు మరొకామె. చిరుగులు ఎందుకు వస్తున్నాయని వాళ్లూ అడిగి ఉంటారు. కుట్టి పంపమనే జవాబే వాళ్లకీ వచ్చి ఉంటుంది.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం ఒక ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. సూపర్‌వైజర్ దాన్ని చదివి బల్ల మీద పడేస్తే, సంతకం కోసం వెళ్లిన సూది కంట పడింది. మంచం మీద కదలలేని రోగుల వీపుల కింద ఈ అతుకుల కుట్లు ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయని, ఇలాగైతే దుప్పట్లు వేరేచోటికి పంపుకుంటామని పెద్ద నర్సు రాసింది.

సూది ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. తన కుట్టంటే ఆమెకి గర్వం. జంటకుట్టు, పైన మళ్లీ అడ్డకుట్టు. గుడ్డ చిరిగినా కుట్టు ఊడదని ముందు పనిచేసిన చోట అందరూ మెచ్చుకునేవారు. ఆ గట్టికుట్టే ఎవరి వీపునో కోస్తోంది. కళ్లలో నీళ్లు తిరగాల్సిన చోట ఆమెకి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియని మంట.

కుట్టుపెట్టె మూసేసి వచ్చి, ఈ చిరుగులు ఎందుకొస్తున్నాయో తేలేదాకా ఇక ఒక్క కుట్టు కూడా వేయనని చెప్పేసింది. సూపర్‌వైజర్ ముందు నవ్వాడు, తర్వాత బుజ్జగించాడు, చివరికి అతనికీ కోపం వచ్చింది. చిరుగులు కనబడేది రోలర్ దాటాకే కాబట్టి తప్పు రోలర్‌దేనని తేల్చేశాడు. శనివారం లోపు చిరుగులు ఆగకపోతే కుక్కర్‌ని రోలర్ నుంచి తప్పించి బట్టలు మోసే పనికి వేస్తానన్నాడు. ఆమె మాత్రం కుట్టయినా కుట్టాలి, ఇంటికైనా వెళ్లాలి అన్నాడు.

ఆ మాట హాలు చేరిన రెండు నిమిషాలకి కుక్కర్ మెట్లెక్కి పై గది గుమ్మంలో ఉన్నాడు.

"నీ వల్ల నా మెషిన్ పోతోంది."

"నా వల్ల నా ఉద్యోగం కూడా పోతోంది. ముందు దేనికి ఏడుద్దాం?"

అతను గదంతా చూశాడు. గోడవారగా అతుకులేసిన దుప్పట్లు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి కుట్టు మీద బొటనవేలితో రాశాడు. గరుకుగా తగిలింది. ఉత్తరం సంగతి అతనూ విన్నాడు.

"రోలర్ చింపదు," అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు తగ్గించి.

"అయితే నిరూపించు. నేను నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను. నాకు కావాల్సింది నువ్వు కాదు, కారణం."

ఆ మాట అతనికి ఎందుకో కొంచెం గుచ్చుకుంది.

మర్నాడు ఇద్దరూ కలిసి చిరుగు లేని దుప్పట్లు నలభై ఏరారు. ఒక్కో దాని మూలన ఆమె నీలం దారంతో ముడి వేసింది. ఉతికే మెషిన్‌లోకి పోయే ముందు చూడడం, బయటికి రాగానే చూడడం, పిండాక చూడడం, రోలర్ నోట్లో పెట్టేముందు చూడడం. ఇంతే పని. ఇంత పనిలోనూ వాళ్లు పోట్లాడుకోని పూట లేదు. ఆమె లెక్క తప్పిందని అతనంటాడు, అతని కళ్లు తప్పాయని ఆమె అంటుంది. దుప్పటి చెరో కొసా పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూస్తారు. మధ్యలో తెల్లటి గుడ్డ దిగిపోగానే ఎదురుగా ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది. వెంటనే ఇద్దరూ చిరుగు వెతుకుతున్నట్టు తల దించుకుంటారు.

బయట మూడు రోజులుగా వాన. రేకుల కప్పు మీద చప్పుడుకి మాట వినబడక దగ్గరగా నిలబడి పోట్లాడాల్సి వచ్చేది. లెక్కపెట్టేటప్పుడు ఆమె పెదవులు కదులుతాయని అతను గమనించాడు. అతని ముంజేతుల మీద వరసగా పాత కాలిన మచ్చలు ఉన్నాయని ఆమె గమనించింది. మందేమైనా రాస్తున్నాడా అని అడగబోయి, ఇంకాస్త జాగ్రత్తగా పనిచేయొచ్చుగా అని కసిరింది. గురువారం మధ్యాహ్నం దాకా ఇద్దరి గొంతూ లేవకపోయేసరికి, ఒంట్లో బాగానే ఉందా అని ఉతికేవాళ్లు వచ్చి పరామర్శించి వెళ్లారు.

ఆ సాయంత్రానికి లెక్క తేలింది. ఉతికాక నలభైకి నలభై బాగున్నాయి. పిండాకా నలభై బాగున్నాయి. రోలర్ నోటి దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది చిరిగి ఉన్నాయి.

"చూశావా," అన్నాడు అతను. "నా మెషిన్ ముట్టుకోకముందే."

"చూశాను. నిన్ను అనవసరంగా అన్నాను. తప్పు నాదే." తడుముకోకుండా అనేసింది. అతను అంతసేపటి నుంచి దాచుకున్న నాలుగు మాటలు అనడానికి చోటు లేకుండా పోయింది. "పిండే మెషిన్‌కీ నీ రోలర్‌కీ మధ్య ఇంకేముంది? బండి, చిక్కుతీసే బల్ల. రేపు పొద్దున్నే అక్కడ కూర్చుంటాను."

అతని మొహం మారిపోయింది. "వద్దు. ఇక్కడితో ఆపు."

"ఎందుకు?"

"ఆ బల్ల దగ్గర మా అమ్మ ఉంది."

"నేను వెతికేది మీ అమ్మని కాదుగా."

"దొరికేది ఎవరో నీకేం తెలుసు?"

శుక్రవారం పొద్దున ఆమె అతనికి చెప్పకుండా వెళ్లింది. బల్ల దగ్గర నలుగురిలో పెద్దామె అతని తల్లి. పల్చటి మనిషి. నడుముకి వెడల్పాటి గుడ్డ బిగించి కట్టుకుంటుంది. మాట తక్కువ. సూది వెళ్లి, మీ పక్కన కాసేపు నిలబడనా పిన్నీ అని అడిగితే, చెయ్యి కూడా సాయం చెయ్యమంది.

మొదటి బండి సగం దాకా మామూలుగానే ఖాళీ అయింది. సగం దాటాక పెద్దామె అటూ ఇటూ చూసి నడుం దగ్గరి గుడ్డలోంచి ఒక కొక్కెం తీసింది. మూరెడు ఇనప తీగ, కొస వంచి ఉంది, పట్టుకునే చోట గుడ్డ చుట్టి ఉంది. బండి అడుగుకి దాన్ని దించి, తడి ముద్దలో ఒక దుప్పటికి తగిలించి లాగింది. బరువుకి ముద్ద కదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. వాన చప్పుడులో కూడా ఆ 'పర్ర్' మన్న శబ్దం సూదికి స్పష్టంగా వినబడింది.

ఆ శబ్దం విన్నది ఆమె ఒక్కతే కాదు. వెనక సూపర్‌వైజర్ ఉన్నాడు.

అతనికి వారం నుంచి నిద్ర లేదు పాపం. ఇన్నాళ్లకి చేతికి ఏదో దొరికింది. కొక్కెం లాక్కుని పైకెత్తి అందరికీ చూపించాడు. ఇన్ని వందల దుప్పట్లు నాశనం చేసింది నువ్వా అని, ఆమె వయసు కూడా చూడకుండా కేకలేసి, రేపటి నుంచి రావద్దన్నాడు. పెద్దామె తడి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ తల దించుకుని నిలబడింది.

రోలర్ ఆగిన చప్పుడైంది. లోపల దుప్పటి మాడుతోందన్న ధ్యాస కూడా లేకుండా కుక్కర్ వచ్చాడు. సూపర్‌వైజర్ ముందుకి కాదు, సూది ముందుకి.

"వద్దని చెప్పాను నీకు. నువ్వు కారణం వెతికావా, మనిషిని వెతికావా?"

ఆమె నోరు తెరిచేలోగా అతను సూపర్‌వైజర్ చేతిలోని కొక్కెం అందుకున్నాడు. "ఇది చేసింది నేను. రెండేళ్ల కిందట. పంపాలనుకుంటే నన్ను పంపండి."

"నువ్వు ఊరుకోరా," అంది తల్లి. ఆ పొద్దున ఆమె అన్న మొదటి గట్టి మాట అదే.

సూది అతని వంకా, తల్లి వంకా, మాసిన గుడ్డ చుట్టిన ఆ పిడి వంకా చూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. వీళ్లందరి మీదా కోపం వచ్చింది.

"ఇది కారణం కాదు," అంది. "ఇది కూడా అతుకే, నేను వేసినట్టే. పిన్నీ, కొక్కెం ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పండి."

తల్లి మొదట ఏం లేదంది. రెండోసారి అడిగితే బండి వంక చూపించింది. ఆ బండి అడుగున ఒక పలక, దాని కింద స్ప్రింగులు ఉంటాయి. బరువు తగ్గేకొద్దీ పలక పైకి లేచి గుడ్డలు చేతికి అందాలి. స్ప్రింగులు విరిగి పలక అడుగునే కూలబడిపోయింది. ఒక్క బండి కాదు, అన్నీ అంతే. రోజుకి రెండు వందలసార్లు నడుం మడిచి లోపలికి వంగాలి. మూడుసార్లు చెప్పింది. చూద్దామన్నారు. నడుం లేవకుండా పోయిన రోజున కొడుకు ఈ తీగ వంచి ఇచ్చాడు.

ఆమె చెప్పడం అయ్యాక పక్కనున్న ముగ్గురిలో ఒకామె తన నడుం గుడ్డలోంచి కొక్కెం తీసి బల్ల మీద పెట్టింది. మిగిలిన ఇద్దరూ పెట్టారు. పిడులకి చుట్టిన గుడ్డలు వేరు, వంపు మాత్రం ఒకటే. అడిగినవాళ్లందరికీ, అత్తా పిన్నీ అని పిలుస్తూ కుక్కరే చేసిపెట్టాడు. సూపర్‌వైజర్ అతని వంక చూశాడు. రోలర్ చింపుతోందని వారమంతా అతన్ని అన్నది అబద్ధమే అయినా, చింపింది అతను చేసిన కొక్కేలే కాబట్టి పూర్తిగా అబద్ధం కాదని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

గొడవ విని లాండ్రీ యజమానురాలు కిందికి వచ్చింది. మేడమ్ ఎవరినీ ఏమీ అడగలేదు. గాజులు పైకి తోసుకుని, అంచు మీదుగా బండిలోకి వంగి, అడుగున ఉన్న దుప్పటి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. నడుం నిలబెట్టుకుంటూ లేచేసరికి మొహం ఎర్రబడింది.

"ఇవి ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?"

సూపర్‌వైజర్ నిజమే చెప్పాడు. బండి తోసేది ఉతికేవాళ్లు. చక్రం విరిగితే వాళ్లు రాస్తారు, బాగవుతుంది. పలకతో పని ఈ బల్ల దగ్గరుండే ఇస్త్రీ వాళ్లకి, కానీ బండి వాళ్లది కాదు. "నా దగ్గర ఉతికేవాళ్లదొకటి, ఇస్త్రీవాళ్లదొకటి, రెండు మరమ్మతు రిజిస్టర్లు ఉన్నాయి మేడమ్. ఆ పలక రెండిట్లోనూ లేదు. ఈమె చెప్పినప్పుడల్లా ఎందులో రాయాలో తెలియక ఊరుకున్నాను."

పది రోజుల్లో పదకొండు బండ్లకీ కొత్త స్ప్రింగులు పడ్డాయి. రెండు రిజిస్టర్లు పోయి ఒకటే మిగిలింది. తల్లి పనిలోనే ఉంది. సూపర్‌వైజర్ క్షమించమని నోటితో అనలేదు గానీ, ఒకరోజు తనే ఎత్తుపీట మోసుకొచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్లాడు. చిరుగులు రోజుకి ఒకటో రెండో అయ్యాయి. సూదికి పొద్దుటిపూట పని చాలు. మధ్యాహ్నాలు ఎదురుగా ఉన్న టైలర్ దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టింది.

కుక్కర్ మాత్రం ఆమెతో మాట్లాడలేదు. ఎదురైతే తల తిప్పుకున్నాడు. ఆమె రెండుసార్లు పలకరించింది. మూడోసారి ఆమెకీ తిక్క పుట్టి మానేసింది. ఇద్దరూ ఒకే హాల్లో చెరో మొహం పెట్టుకుని తిరుగుతుంటే, వీళ్లు పోట్లాడుకున్న రోజులే నయమని అందరూ అనుకున్నారు.

ఇంట్లోనూ అతను అంతే. గిన్నె విసిరినట్టు పెడతాడు, తలుపు దభాలున వేస్తాడు. ఒక ఆదివారం తల్లి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల మీద కోపం ఎందుకని అడిగింది. నిన్ను నలుగురిలో నిలబెట్టిందన్నాడు. నిలబెట్టింది సూపర్‌వైజర్ కదా, అతనికి రోజూ నమస్కారం పెడుతున్నావుగా అంది. అతను నేల చూశాడు. ఇంకా ఎందుకని అడిగింది. చెప్పకుండా వెళ్లిందన్నాడు. చెబితే వెళ్లనిచ్చేవాడివా అంది. అతను లేచి, చెప్పులేసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

టైలర్ దుకాణం గుమ్మంలో నీళ్లోడుతూ నిలబడిన మనిషిని చూసి, ఏం కుట్టాలని అడిగాడు టైలర్. ఏమీ లేదన్నాడు కుక్కర్. టైలర్ ఇద్దరి మొహాలూ చూసి, కొలతల పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లాడు.

సూది మెషిన్ తొక్కుతూనే ఉంది.

"నా కోపం నీ మీద కాదు," అన్నాడు.

"మరి ఎవరి మీద?"

"నడుం నొప్పి అంటే అమ్మకి తీగ వంచి ఇచ్చాను. నొప్పి ఎందుకొచ్చిందని అడగలేదు. రెండేళ్లు నాలుగడుగుల దూరంలో ఉండి ఒక్కసారి కూడా ఆ బండిలోకి వంగి చూడలేదు. నువ్వు ఒక్క పూటలో చూశావు. అది నాకు మింగుడుపడలేదు. నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది."

మెషిన్ ఆగింది.

"ఈ మాట చెప్పడానికి ఇన్ని రోజులు కావాలా? పిన్నికి నేనేదో ద్రోహం చేశానని రోజూ కుమిలిపోయాను. వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకున్నాను. నువ్వు నోరు విప్పితే పోయేది." ఆమె లేచి నిలబడింది. మొహం జేవురించింది. "నాకెంత కోపం వచ్చిందో తెలుసా?"

"తెలుసు."

"ఎందుకొచ్చిందో తెలుసా?"

"తెలియదు."

"అయితే అడుగు."

అతను గొంతు సర్దుకున్నాడు. "ఎందుకొచ్చింది?"

"నువ్వు వచ్చి పోట్లాడకపోతే నాకు రోజు గడవడం లేదు. నలుగురిలో అరిచావు, సరే. మర్నాడు మళ్లీ వచ్చి అరుస్తావనుకున్నాను. రాలేదు. అందుకు."

అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. రేపటి నుంచి వస్తాను, ఎప్పటికీ వస్తూనే ఉంటాను, నీకు ఇష్టమైతే అన్నాడు. ఇష్టం లేకపోతే ఇంతసేపు ఎవరు అరుస్తారని ఆమె విసుక్కుంది. విసుక్కుంటూనే ఏడ్చింది. అతను తుడవడానికి చేతిరుమాలు తీశాడు. అది అతనికంటే ఎక్కువ తడిసి ఉంది.

లోపల్నుంచి టైలర్ దగ్గాడు, దుకాణం మూసే వేళయిందని.

ఇల్లు చేరేదాకా దారంతా వాదనే. అమ్మకి ఎవరు చెప్పాలన్నది గొడవ. నువ్వంటే నువ్వని తోసుకుంటూ గొడుగు లేకుండా గుమ్మం ఎక్కారు. తల్లి తలుపు తీసి, నీళ్లు కారుతున్న ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"పోట్లాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు," అంది. "మాట్లాడకుండా మూతి ముడుచుకు కూర్చోవడం మాత్రం ఈ ఇంట్లో కుదరదు. ఇద్దరికీ కలిపే చెబుతున్నాను."

ఎంత మాటకైనా జవాబు చేతిలో పెట్టుకుని తిరిగే సూది ఆ 'ఇద్దరికీ' అన్న మాటకి తల దించుకుంది. తల తుడుచుకోవడానికి తువ్వాలు ఎక్కడుందని మాత్రం మెల్లగా అడిగింది.

"లోపలి గదిలో, బీరువా కింద అరలో," అంది తల్లి పక్కకి తప్పుకుని దారిస్తూ. "వెళ్లి తీసుకో. వాడికీ ఒకటి తెచ్చిపెట్టు."